పూటకో పిడికెడు

మిజోరంలోని క్రైస్తవ కుటుంబాల వంటింట్లో రోజూ జరిగే పని ఒకటుంది. వంటకు బియ్యం కొలిచాక, కడగబోయే ముందు, ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. పొద్దున వండినప్పుడు ఒకసారి, సాయంత్రం వండినప్పుడు మరోసారి. డబ్బాలో చేరిన బియ్యాన్ని చర్చి మహిళలు ఇంటింటికీ తిరిగి పోగుచేస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు చర్చి పనులకూ, లేనివాళ్ల సాయానికీ వెళుతుంది. దీన్ని అక్కడివాళ్లు 'బుహ్‌ఫాయ్ థామ్' అంటారు, పిడికెడు బియ్యం అని. వందేళ్లు దాటినా ఈ అలవాటు ఆగలేదు. ఈ పిడికిళ్ల వల్ల అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చికి ఏటా కోట్ల రూపాయలు సమకూరుతున్నాయి.

ఆ మొత్తం ఆశ్చర్యం కలిగించేదే. అయితే దానికంటే లోతైన ప్రశ్న ఒకటి ఆ వంటింట్లోనే ఉంది. పిడికెడు తీసిన మనిషికి దక్కుతున్నదేమిటి? ఇవ్వడంలో ఆనందం ఉంటుందని ప్రతి మతమూ చెబుతుంది. కానీ రోజుకు రెండుసార్లు, ఏళ్ల తరబడి, చెయ్యి దానంతటదే చేసుకుపోయే పనిలో ఆనందం ఎంతకాలం నిలుస్తుంది? అలవాటైన ఏ సుఖమైనా కొన్నాళ్లకు రుచి తగ్గిపోతుందని అందరికీ తెలుసు. మంచిపని ఒక్కటీ దానికి మినహాయింపు ఎలా అవుతుంది?

తెలుగు ఇళ్లకు ఈ పిడికెడు కొత్తదేమీ కాదు. వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేస్తే చీమలకు తిండి. కోతలయ్యాక వరి కంకులు కుచ్చుగా అల్లి చూరుకు కడితే పిచ్చుకలకు తిండి. ఎండలు ముదిరితే వీధి మొగలో పందిరి వేసి, కుండల్లో నీళ్లు నింపి చలివేంద్రం పెడతారు. దాహంతో వచ్చినవాడి ఊరూ పేరూ అక్కడ ఎవరూ అడగరు. ఇలాంటి పనుల వెనక పాత ధర్మశాస్త్రాలు ఒక విచిత్రమైన లెక్క చెప్పాయి. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు-రోకలి, నీళ్లకుండ అనే ఐదు చోట్ల గృహస్థు తనకు తెలియకుండానే రోజూ ప్రాణుల్ని హింసిస్తాడని మనుస్మృతి మూడో అధ్యాయం అంటుంది. దానికి పరిహారంగా ఐదు నిత్యయజ్ఞాలు చెప్పింది. చదవడం చదివించడం, పితరులకు తర్పణం, దేవతలకు హోమం, ప్రాణులకు బలి, అతిథికి అన్నం. వీటిని రోజూ చేయమంది.

గమనిస్తే ఇక్కడ దాతకు గొప్పతనం ఏమీ మిగలదు. బతకడమే ఇతరుల మీద భారం మోపుతోంది కాబట్టి రోజూ కొంత తిరిగి కట్టాలి, అంతే. బాకీ తీర్చినవాడు తనను తాను పొగుడుకోడు. ఆ గ్రంథంలో నేటి మనిషి ఒప్పుకోలేనివి చాలానే ఉన్నాయి. ఈ ఒక్క ఊహ మాత్రం ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.

చిన్నదైనా సరే, మానకుండా చేసిన పనినే దేవుడు ఎక్కువగా ఇష్టపడతాడన్న అర్థం వచ్చే ప్రవక్త బోధను ముస్లింలు తరచు తలుచుకుంటారు. తోటివాడిని నవ్వుముఖంతో పలకరించడాన్ని కూడా హదీసులు దానంగానే లెక్కగట్టాయి. చుక్క చుక్కగా కుండ నిండినట్టే పుణ్యం కూడుతుందని బౌద్ధులు నమ్ముతారు. సంపాదించినదాన్ని పదిమందితో పంచుకు తినడం సిక్కులకు మూడు మూలసూత్రాల్లో ఒకటి. పెద్ద త్యాగాలు కొద్దిమందికే సాధ్యమని ఈ మతాలన్నిటికీ తెలుసు. అందుకే అవి మామూలు మనిషి చేతికి అందే కొలతను ఎంచుకున్నాయి.

ఆ కొలతను ఇంకా చిన్నది చేసినవాడు వినోబా భావే. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళితులు తమకు ఎనభై ఎకరాల భూమి కావాలని ఆయన్ను అడిగారు. ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అందరి ఎదుటా అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. ఇవ్వడానికి భూమి ఉన్నవాళ్లు సరే, లేనివాళ్ల సంగతేమిటి? ఆ దశాబ్దం చివర్లో వినోబా సర్వోదయ పాత్ర అనే పద్ధతి తెచ్చారు. ఇంట్లో ఒక కుండ పెట్టి రోజూ పిడికెడు గింజలు వేయాలి. వేసేది పెద్దవాళ్ల చెయ్యి కాకూడదు, ఇంట్లోని చిన్నబిడ్డ చెయ్యి కావాలి. పెద్దల పిడికిట్లో గింజలు ఎక్కువ పడతాయన్నది నిజమే. కానీ తినే ముందు ఇవ్వడం నేర్వాల్సింది ఆ బిడ్డే కదా అన్నది ఆయన ఉద్దేశం.

పసివాళ్ల విషయంలో వినోబా ఊహకు చాలాకాలం తర్వాత ఒక ఆసరా దొరికింది. కెనడాలో లారా అక్నిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు రెండేళ్లు కూడా నిండని పిల్లలతో చేసిన పరిశీలన 2012లో వెలువడింది. పిల్లలకు కాసిని బిస్కెట్లు ఇచ్చి, ఒక తోలుబొమ్మ లాంటి బొమ్మకు పెట్టమన్నారు. తమకు బిస్కెట్లు అందినప్పటి కంటే బొమ్మకు పెట్టినప్పుడే వాళ్ల ముఖాలు ఎక్కువ వికసించాయి. అందులోనూ ఎవరో చేతికిచ్చింది పెట్టినప్పటికంటే, తమ గిన్నెలోది తీసి పెట్టినప్పుడు మరింతగా వికసించాయి. పరలోకం, పుణ్యం, పేరు ఇవేవీ తెలియని వయసు అది.

పెద్దవాళ్ల సంగతి అంతకు ముందే తేలింది. 2008లో ఎలిజబెత్ డన్, అక్నిన్, మైకేల్ నార్టన్ కలిసి 46 మందికి పొద్దున్నే ఒక్కో కవరు ఇచ్చారు. కొన్నింటిలో ఐదు డాలర్లు, కొన్నింటిలో ఇరవై. సాయంత్రం ఐదులోగా ఆ డబ్బును కొందరు తమకోసం, కొందరు ఇతరుల కోసం ఖర్చుపెట్టాలి. సాయంత్రం అడిగితే, ఇతరుల కోసం ఖర్చుపెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారు. కవరులో ఐదున్నా ఇరవై ఉన్నా తేడా ఏమీ లేదు. ఇదే పరిస్థితిని మరికొందరు విద్యార్థులకు వివరించి, ఎవరు ఎక్కువ సంతోషిస్తారని అడిగితే, సొంతానికి ఖర్చుపెట్టుకున్నవాళ్లే అన్నారు. ఇరవై డాలర్లయితే ఇంకా ఎక్కువన్నారు. తనను ఏది సంతోషపెడుతుందో మనిషికే సరిగ్గా తెలియదన్నమాట. తర్వాత 136 దేశాల సమాచారాన్ని పరిశీలిస్తే, వాటిలో 120 దేశాల్లో దానానికీ సంతోషానికీ పొంతన కనిపించింది. వాటిలో బీదదేశాలూ ఉన్నాయి.

ఇక అలవాటు సంగతి. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం లాటరీ గెలిచిన 22 మందిని పలకరించింది. అంత డబ్బు వచ్చాక కూడా వాళ్లు తమ ఇరుగుపొరుగు కంటే పెద్దగా సంతోషంగా లేరు. పైపెచ్చు స్నేహితుడితో కబుర్లు, పొద్దుటి ఫలహారం లాంటి చిన్న చిన్న విషయాల్లో వాళ్లకు ఆనందం తగ్గిపోయింది. వచ్చిన సుఖానికి మనసు అలవాటుపడిపోతుందని దానివల్ల తెలిసింది. మరి ఇచ్చిన సుఖం?

ఈ ప్రశ్నను సూటిగా వేసినవాళ్లు ఎడ్ ఓబ్రయన్, సమంతా కాసిరర్. 2019లో ప్రచురించిన అధ్యయనంలో వాళ్లు విద్యార్థులకు ఐదు రోజులపాటు రోజుకు ఐదు డాలర్లు ఇచ్చారు. నియమం ఒక్కటే, ఐదు రోజులూ ఒకే దానికి ఖర్చుపెట్టాలి. తమకోసం పెట్టుకున్నవాళ్ల సంతోషం రోజురోజుకూ దిగుతూ వచ్చింది. ఇతరుల కోసం పెట్టినవాళ్ల సంతోషం ఐదో రోజున కూడా దాదాపు మొదటి రోజులాగే ఉంది. పరిశోధకులు దీనికి ఒక కారణం ఊహించారు. చేతికి వచ్చినదాని మీద దృష్టి ఉంటే మనసు నిన్నటితో, పక్కవాడితో పోల్చుకుంటుంది. చేస్తున్న పని మీద దృష్టి ఉంటే పోలిక తగ్గుతుంది, ప్రతిసారీ కొత్తగానే అనిపిస్తుంది.

అన్ని పరిశోధనలూ ఇదే మాట చెప్పాయనుకోకూడదు. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరువారాల పాటు వారానికి ఐదు మంచిపనులు చేయమని కొందరిని కోరింది. ఐదూ ఒకే రోజు చేసినవాళ్లకు సంతోషం పెరిగింది. వారమంతా పంచుకుని చేసినవాళ్లకు అంతగా పెరగలేదు. రోజుకొక చిన్నపని దైనందిన సందడిలో కలిసిపోయి ఉంటుందని వాళ్లు అనుకున్నారు. అంటే ఒక పరీక్ష రోజువారీ పిడికెడు పక్షాన నిలిస్తే, ఇంకొకటి దాన్ని ప్రశ్నిస్తోంది. రెండూ నిజమే అయితే, ఎన్నిసార్లు, ఎంతెంత అన్న లెక్కలతో ఈ చిక్కు వీడదు. ఇచ్చేటప్పుడు మనసు ఎటు చూస్తోందన్నది అడగాలి. అక్కడికి రాగానే ప్రశ్న మనస్తత్వ శాస్త్రం చేతిలోంచి తత్వశాస్త్రం చేతిలోకి వెళుతుంది.

ఆనందాన్ని కొలిచే ప్రయత్నం మన దగ్గర చాలా పాతది. తైత్తిరీయోపనిషత్తు రెండో వల్లిలో దానికో కొలమానమే ఉంది. మంచి నడవడి, చదువు, ఆరోగ్యం, బలం ఉన్న యువకుడికి సంపదతో నిండిన భూమంతా సొంతమైతే కలిగేది ఒక మానుషానందం. అదే ఒక పాలు. దానికి నూరు రెట్లు, మళ్లీ దానికి నూరు రెట్లు, అలా గంధర్వులూ పితరులూ దేవతలూ ఇంద్రుడూ దాటి బ్రహ్మదాకా లెక్క పైకెక్కుతుంది. ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది. కోరిక చేత కొట్టబడని జ్ఞానికి కూడా ఈ ఆనందం ఉందని. భూమంతా ఏలినా దొరకనిది, ఏదీ ఆశించని మనిషికి ఉన్నచోటే దొరుకుతుందని ఆ ఋషి తన పెద్ద లెక్క మధ్యలో పదే పదే గుర్తుచేస్తాడు.

అంతకంటే అద్భుతం మూడో వల్లిలో ఉంది. భృగువు తండ్రి వరుణుడి దగ్గరకు వెళ్లి బ్రహ్మమంటే ఏమిటో చెప్పమంటాడు. తపస్సు చేసి తెలుసుకో అంటాడు తండ్రి. కొడుకు ఒక్కో తపస్సు తర్వాత ఒక్కో మెట్టు ఎక్కుతాడు. అన్నం, ప్రాణం, మనసు, విజ్ఞానం, చివరికి ఆనందం. ఇక అంతకు మించినది లేదు. కథ అక్కడితో ముగియాలి. కానీ ఉపనిషత్తు వెంటనే వంటింటి వైపు తిరుగుతుంది. అన్నాన్ని నిందించకూడదు, అన్నాన్ని పారవేయకూడదు, అన్నాన్ని సమృద్ధిగా పండించాలి, తలదాచుకోవడానికి వచ్చినవాణ్ణి ఎవరినీ వెళ్లగొట్టకూడదు. వీటిని వ్రతాలుగా చెబుతుంది. ఆనందం అంచు చూసివచ్చిన మనిషికి రోజువారీ పనిగా ఇచ్చింది అన్నం పెట్టడమే. మొదటి వల్లిలోనే, గురుకులం విడిచి వెళ్లే శిష్యుడికి ఎలా ఇవ్వాలో కూడా చెప్పి పంపారు. శ్రద్ధతో ఇవ్వాలి, ఇస్తున్నందుకు కాస్త సిగ్గుపడుతూ ఇవ్వాలి. ఇచ్చేవాడు సిగ్గుపడాలనడం గొప్ప మాట. చెయ్యి చాచినవాడి సిగ్గులో సగం ఇచ్చేవాడు పంచుకోవాలన్న మర్యాద అందులో ఉంది.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. తన సంతోషం కోసం ఇచ్చేవాడిది దానమా, బేరమా? భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలు చేసింది. తిరిగి ఉపకారం చేయలేనివాడికి, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్వికం. ఫలం ఆశించి, నొచ్చుకుంటూ ఇచ్చేది రాజసం. మరి సంతోషాన్నే ఫలంగా ఆశిస్తే? జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయెల్ కాంట్ 1785లో ఇంకా కఠినంగా తేల్చాడు. ఇతరులకు ఆనందం పంచడంలో సహజంగా సంతోషం పొందే దయాళువు పని మెచ్చదగినదే కానీ, దానికి నిజమైన నైతిక విలువ లేదన్నాడు. కర్తవ్యం కోసమే చేసినదానికే ఆ విలువ ఉందన్నాడు. అరిస్టాటిల్ సరిగ్గా ఎదురు కొసన ఉంటాడు. మంచిపని చేస్తూ సంతోషించనివాడు మంచివాడే కాదంటాడు. వాద్యం వాయిస్తూ వాయిస్తూ వాద్యకారుడైనట్టే, న్యాయమైన పనులు చేస్తూ చేస్తూనే మనిషి న్యాయవంతుడవుతాడని, అలవాటు పండితే పని బరువు పోయి ఇష్టంగా మారుతుందని ఆయన నమ్మకం.

ఈ ముడిని కాంట్ కంటే ముందే విప్పినవాడు జోసెఫ్ బట్లర్ అనే ఆంగ్ల మతాచార్యుడు. 1726లో అచ్చయిన ఉపన్యాసాల్లో ఆయన వేసిన ప్రశ్న చాలా సరళం. సాయం చేస్తే సంతోషం ఎందుకు కలుగుతుంది? ఎదుటివాడు బాగుండాలన్న కోరిక ముందే ఉండబట్టి. ఆకలి లేనివాడికి విందులో సుఖం ఉండదు. అలాగే ఎదుటివాడి మంచి అక్కర్లేనివాడికి సాయంలో సుఖం దొరకదు. కాబట్టి సంతోషం కోసమే సాయం చేద్దామని బయలుదేరినవాడికి అసలు సరుకే లేదు. సంతోషించినవాడు స్వార్థపరుడని నిందించడమూ కుదరదు, ఎందుకంటే ఆ సంతోషమే అతని నిస్వార్థానికి సాక్ష్యం.

జాన్ స్టువర్ట్ మిల్ దీన్ని బతుకులో అనుభవించాడు. 1826లో, ఇరవయ్యేళ్ల వయసులో, ఆయన తనకు తానే ఒక ప్రశ్న వేసుకున్నాడు. తాను కోరుకునే సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే తనకు ఆనందం కలుగుతుందా? లోపలి నుంచి లేదన్న జవాబే వచ్చింది. నెలల తరబడి దిగులులో మునిగిపోయాడు. ఆయన చనిపోయాక 1873లో వెలువడిన ఆత్మకథలో, దాన్నుంచి నేర్చుకున్నది రాసుకున్నాడు. సంతోషాన్ని సూటిగా వెతికితే దొరకదని, వేరే దేనిమీదనో మనసు నిలిపి పనిచేస్తుంటే దారిలో ఎదురవుతుందని.

దీన్నిబట్టి చూస్తే రోజూ తీసే పిడికెడు బియ్యం విలువ తెలుస్తుంది. పెద్ద దానం చేసిన రోజున మనిషి తనను తాను చూసుకోకుండా ఉండటం కష్టం. శిలాఫలకం కావాలనిపిస్తుంది, ఫొటో కావాలనిపిస్తుంది, కనీసం ఎవరైనా ఒక మాట అనాలనిపిస్తుంది. పిడికెడు బియ్యానికి శిలాఫలకం ఎవరు వేస్తారు? రోజూ చేసేది కాబట్టి దాన్ని గొప్పగా చెప్పుకునే వీలుండదు. అలవాటు ఇక్కడ సంతోషాన్ని చప్పబరచడం లేదు, సంతోషానికి అడ్డొచ్చే 'నేను'ను చప్పబరుస్తోంది.

కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ జీవితం ఇలాగే సాగింది. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్నను పెళ్లాడి ఆ లంక ఊరికి వచ్చారామె. గోదావరి పాయలు పడవల మీద దాటాల్సిన కాలం. దాటివచ్చిన బాటసారికి ఆకలి, ఊళ్లో పూటకూళ్ల ఇల్లు దొరకదు. సీతమ్మ ఇంటి పొయ్యి వాళ్లకోసం వేళాపాళా లేకుండా వెలిగింది. కులం అడగకుండా పెట్టారని, అర్ధరాత్రి తలుపు తట్టినా పెట్టారని ఆ ప్రాంతం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాలకు పిలుపు వచ్చినా వెళ్లలేదనీ చెప్పుకుంటారు. ఆమె వెళితే ఆ పూట ఇంటికి వచ్చినవాళ్లకు ఎవరు పెడతారు? 1909లో కన్నుమూసేదాకా ఆమె చేసింది ఒకే పని. కానీ వచ్చిన మనిషి మాత్రం ప్రతిసారీ వేరు, అతని ఆకలీ వేరు. ఓబ్రయన్, కాసిరర్ ఐదు రోజుల్లో చూసినది ఆ ఇంట్లో దశాబ్దాలు కనిపించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సీతమ్మ పేరు చెప్పి ఇంటి ఆడవాళ్లందరినీ అలా ఉండమనడం అన్యాయం. ఆమెది ఇష్టపడి ఎంచుకున్న పని. వేళకాని వేళ పదిమందికి వండమని కోడల్ని నిలబెట్టి, పుణ్యం మామగారి ఖాతాలో వేసుకున్న ఇళ్లు మనకు తెలియనివి కావు. నెట్టా వైన్‌స్టీన్, రిచర్డ్ రయాన్ 2010లో ప్రచురించిన పరిశోధన ఈ తేడాను స్పష్టంగా చూపింది. తనంతట తాను పూనుకుని సాయం చేసినవాడికి మనసు తేలికపడింది. ఒత్తిడికి తలొగ్గి చేసినవాడికి అది దక్కలేదు. అంతేకాదు, ఇష్టంగా అందిన సాయమే పొందినవాడికీ ఎక్కువ మేలు చేసింది. కాబట్టి పిడికెడు ఎవరి చేతి నుంచి వస్తోందో, ఆ నిర్ణయం కూడా ఆ చేతిదే కావాలి.

అలవాటు చేసుకోవాలనుకునేవారికి లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిపై చేసిన అధ్యయనం పనికొస్తుంది. ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలగా, కొందరికి 254 రోజులు పట్టేట్టుందని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదు. రోజూ ఎలాగూ చేసే పనికి కొత్త పనిని ముడివేయాలన్నదే అందులో కీలకం. బియ్యం కొలవడానికి పిడికెడును ముడివేసిన మిజో స్త్రీలు ఈ కిటుకు ఎప్పుడో కనిపెట్టారు. బియ్యమే అక్కర్లేదు. పొద్దున కాఫీ కలిపేటప్పుడు ఒంటరిగా ఉన్న పెద్దమ్మకో బాబాయికో ఒక ఫోను చేయవచ్చు, మొక్కలకు నీళ్లు పోసేటప్పుడే పిట్టల కోసం ముంతలో నీళ్లు నింపవచ్చు, బస్సెక్కగానే కండక్టరును పేరుపెట్టి పలకరించవచ్చు.

పిడికెళ్లతో దేశం ఆకలి తీరుతుందా అని అడిగేవాళ్లుంటారు. తీరదు. దానికి 2013 నాటి ఆహార భద్రతా చట్టం, రేషన్ బియ్యం, బడి భోజనం లాంటి పెద్ద ఏర్పాట్లు కావాలి, వాటికోసం ప్రభుత్వాలను నిలదీయడమూ మంచిపనే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి మధ్యాహ్న బడి భోజనం డొక్కా సీతమ్మ పేరు మీదే నడుస్తోంది. అయితే జీవో పేరు పెట్టగలదు, గుడ్డు లెక్క రాయగలదు. వరుసలో నిలబడ్డ పిల్లల్లో నిన్న రానిదెవరో, ఇవాళ తినకుండా పక్కకు జరిగిందెవరో వడ్డించే ఆయమ్మే చూడాలి. రోజూ ఒకరి గురించి ఆలోచించడం అలవాటైన మనిషి దీన్ని త్వరగా చూస్తుంది. అలాంటి అలవాటు ఇళ్లలో, చిన్నప్పుడే, పిల్లల చేతులమీదుగా మొదలవ్వాలని వినోబా పట్టుబట్టింది ఇందుకే కావచ్చు.